ఫారం నింపే ముందు ఒక ఏడాది

పోయిన నెల మా పిన్ని కూతురు ఒడిశాలోని కాశీనగరం నుంచి ఫోను చేసింది. ప్లస్ టూ సైన్సు మంచి మార్కులతో పాసయింది. నర్సింగు చదవాలని దాని కోరిక. అందులో ఇంట్లో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఎప్పుడు చేరాలన్న దగ్గరే. "అక్కా, ఇప్పుడే చేరిపోనా, లేకపోతే నువ్వు చేసినట్టు ఒక ఏడాది ఆసుపత్రిలో అసిస్టెంటుగా పని చేసి అప్పుడు చేరనా? అమెరికాలో ఉన్న మా మేనత్త అక్కడ చాలామంది ముందు ఆ పనే చేస్తారని చెబుతోంది. అమ్మేమో మన ఇంటి పిల్ల బెడ్‌పాన్లు ఎత్తడం ఏమిటని కన్నీళ్ళు పెట్టుకుంటోంది" అని ఒక్క గుక్కలో చెప్పేసింది.

డ్యూటీకి వేళయిందని చెప్పి ఫోను పెట్టేశాను. నిజానికి అది సాకు. ఆ ఏడాది నాకు చాలా ఇచ్చింది. ఆ ఏడాదిలోనే జరిగిన ఒక సంగతి ఇప్పటికీ కొన్ని రాత్రులు నన్ను నిద్ర పోనివ్వదు. రెండూ చెప్పకుండా చేరమనో వద్దనో అంటే ఆ పిల్లకు అన్యాయం చేసినట్టే. అందుకే కూర్చుని రాస్తున్నాను. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు మన తెలుగు ఇళ్ళలో ఇదే ప్రశ్నతో ఉన్న పిల్లలు ఇంకా ఉంటారు.

ముందు మేనత్త మాట తేల్చేస్తాను. ఆవిడ చెప్పింది నిజమే, కానీ అక్కడి పద్ధతి వేరు. అమెరికాలో సర్టిఫైడ్ నర్సింగ్ అసిస్టెంట్ అనేది చట్టం గుర్తించిన ఉద్యోగం. వృద్ధులు ఉండే నర్సింగ్ హోముల్లో పని చేసేవారికి కనీసం 75 గంటల శిక్షణ ఉండాలని 1987 చట్టంతో నియమం వచ్చింది. అందులో 16 గంటలు పైవాళ్ళు చూస్తుండగా స్వయంగా చేసి నేర్చుకోవాలి. పరీక్ష నెగ్గితే రాష్ట్రం రిజిస్టరులో పేరు ఎక్కుతుంది. ఆ సర్టిఫికెట్ ఉంటేనే చేర్చుకునే నర్సింగు కళాశాలలు కూడా అక్కడ కొన్ని ఉన్నాయి. మన దగ్గర జనరల్ డ్యూటీ అసిస్టెంట్ అని ప్రభుత్వ నైపుణ్య పథకాల కింద కొన్ని నెలల శిక్షణ ఉంది గానీ, చిన్న నర్సింగ్ హోములు చాలావరకు అది కూడా అడగవు. భాష వస్తుందా, రాత్రి డ్యూటీ చేస్తావా అని అడిగి తీసుకుంటాయి. ఇక నర్సింగు సీటు దగ్గర ఆ పనికి విలువ లేదు. జీఎన్ఎంకు, అంటే మూడేళ్ళ నర్సింగు డిప్లొమాకు, ప్లస్ టూలో నలభై శాతం మార్కులు, 17 నుంచి 35 ఏళ్ళ మధ్య వయసు కావాలి. బీఎస్సీ నర్సింగుకు ఫిజిక్సు, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ కలిపి నలభై ఐదు శాతం రావాలి, ఇంగ్లీషు విడిగా పాసయి ఉండాలి. వార్డులో ఎన్ని రాత్రులు మేలుకున్నావని ఏ ఫారంలోనూ అడగరు. కాబట్టి సీటు కోసం అయితే ఆ పని చేయనక్కరలేదు. ఆ ఆశతో ఎవరూ వెళ్ళవద్దు.

నేను వెళ్ళింది డబ్బు లేక. 2016లో నా ప్లస్ టూ అయ్యే నాటికి మా పెద్దక్క పెళ్ళి అప్పు ఇంకా తీరలేదు. మా నాన్నకు కాశీనగరంలో చిన్న కుట్టు మిషను దుకాణం. ఆ ఏడాది ఫీజు కట్టలేనని నాతో చెప్పడానికి ఆయనకు వారం రోజులు పట్టింది. బరంపురంలో మాకు తెలిసిన ఒకాయన ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో ఆడపిల్లలు కావాలంటున్నారని చెప్పాడు. అమ్మ ఒప్పుకోలేదు. నాన్న రాత్రంతా ఆలోచించి పొద్దున్నే గోడ దగ్గరికి వెళ్ళాడు. మా ఇంట్లో రెండు క్యాలెండర్లు ఉండేవి. ఒకటి తెలుగుది, పండుగలకు. ఒకటి ఒడియాది, బడికీ ఆఫీసుకూ. తెలుగు క్యాలెండరు డిసెంబరు కాగితం వెనక పెన్సిలుతో "మే 31" అని రాసి, "ఆ రోజుకి నువ్వు మానేసి ఇంటికి రావాలి. ఫీజు నేను చూస్తాను. ఇంకో నెల, ఇంకో రెండు నెలలు అంటే నేను బరంపురం వచ్చి తీసుకొస్తాను" అన్నాడు. ఆ మాట విలువ నాకు చాలా కాలానికి గానీ తెలియలేదు.

పూరీ వెళ్ళే రైలెక్కి, వంశధార వెనక్కి జరుగుతుంటే చూస్తూ వెళ్ళాను. పాతపట్నం, టెక్కలి, నౌపడా దాటి బరంపురం. నెలకు 5,500 రూపాయలు, ఉండటానికి మేడ మీద ఒక గది. నాతో పాటు పాతపట్నం నుంచి వచ్చిన మరో అమ్మాయి. పగలు ఎనిమిది గంటలు, రాత్రయితే పన్నెండు గంటల డ్యూటీ. అసిస్టెంట్లని పేరు గానీ పిలిచేది మాత్రం సిస్టర్ అనే. మొదటి రోజు ఒక పెద్దాయన నన్ను "సిస్టరమ్మా" అని పిలిచినప్పుడు మనసు పొంగిపోయింది. ఆ పిలుపు నాకు చెందదని అప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

పని నేర్పింది పెద్ద ఆయా. ఇరవై ఏళ్ళుగా ఆ పనిలోనే ఉంది. ముందు మంచం వేయడం నేర్పింది. దుప్పటి నాలుగు మూలలూ కవరు మడిచినట్టు మడిచి పరుపు కిందికి దోపాలి. నడుము కింద తడి దిగని మెకింటాష్ రబ్బరు షీటు, దాని మీద అడ్డ దుప్పటి. ఎక్కడా ముడత ఉండకూడదు. ముడత ఉంటే ఏమవుతుందని అడిగితే, తన అరచేతిని నా వీపు మీద పెట్టి వేలి కణుపుతో ఒక్క చోట నొక్కి పట్టుకుంది. నిమిషం కాగానే నేను కదిలాను. "నువ్వు కదిలావు, ఆయన కదల్లేడు" అంది. మంచాన ఉన్నవాళ్ళకు ఒంటి మీద పడే పుండు, బెడ్‌సోర్, గురించి తరువాత పుస్తకంలో ఎంతో చదివాను. నొక్కిన చోటికి రక్తం అందకపోవడం, రెండు గంటలకోసారి పక్క మార్చడం, తుంటి, మడమ, నడుము కింది ఎముక. కానీ నాకు గుర్తుండేది వీపు మీద ఆ కణుపే.

ఇంకొకటి చెప్పాలి. చేరిన రెండో నెలలో కొండ మీది ఊరి నుంచి సవర తెగకు చెందిన ఒక అవ్వను తెచ్చారు. తుంటి విరిగింది. మనుమడు మందులకని వెళ్ళాడు. ఆమెకు ఒడియా కొద్దిగా వచ్చు, తెలుగు రాదు. పెద్ద ఆయా రెండు బేసిన్ల గోరువెచ్చని నీళ్ళు నా ముందు పెట్టి, ఒళ్ళు తుడవమని చెప్పి పక్కన నిలబడింది. ముందు కళ్ళు, సబ్బు లేకుండా, ముక్కు వైపు నుంచి బయటికి. తరువాత ముఖం, మెడ. చేతులు మణికట్టు నుంచి భుజం వైపు. ఏ భాగం తుడుస్తున్నామో అదొక్కటే తెరవాలి, మిగతా ఒళ్ళంతా కప్పి ఉండాలి. అవ్వ చెవి తమ్మెలు భుజానికి తగిలేటంత సాగి ఉన్నాయి. వాటిలో పెట్టుకునే కొయ్య బిళ్ళలు తీసి చీర కొంగులో ముడి వేసుకుంది. ఆ చెవులను ఎలా ముట్టుకోవాలో తెలియక నేను దాటేసి మెడ దగ్గరికి వెళ్ళాను. అవ్వ నా చేతిని పట్టుకుని వెనక్కి తెచ్చి, తన చెవి తమ్మెను తానే ఎత్తి పట్టుకుంది. కింద చెమట పట్టి ఎర్రగా ఒరిసిపోయి ఉంది. మెత్తగా తుడిచి, పొడి గుడ్డతో అద్దాను. కళ్ళు మూసుకుని పెద్దగా ఊపిరి వదిలింది. ఆ ఊపిరి నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ రోజే నాకు తెలిసింది, నేను ఈ పని చేయగలనని. అసహ్యం వేస్తుందేమో, సిగ్గు వేస్తుందేమో అని అంతకు ముందు నాలో ఉన్న బెదురు ఆ చెవి దగ్గరే పోయింది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, తరువాత నర్సింగు స్కూల్లో మా తరగతిలో ఇద్దరు మొదటి వార్డు పోస్టింగుకే వెళ్ళిపోయారు. ఒకమ్మాయి షుగరుతో కుళ్ళిన కాలికి డ్రెస్సింగు చూసి కళ్ళు తిరిగి పడిపోయింది. వారం పాటు అన్నం తినలేదు. మంచి మార్కులతో వచ్చిన పిల్ల. వాళ్ళ నాన్న పొలం తాకట్టు పెట్టి ఫీజు కట్టాడు. ఆ డబ్బు పోయింది, ఏడాదీ పోయింది. ఆ అమ్మాయిలో లోపం ఏమీ లేదు. తనకు ఈ పని పడుతుందో లేదో తెలుసుకునే అవకాశం ఫీజు కట్టక ముందు ఎవరూ ఇవ్వలేదు, అంతే. ఈ ఒక్క కారణం చాలు, కొన్ని నెలలు వార్డులో గడపమని మా చెల్లికి చెప్పడానికి.

భాష సంగతి కూడా ఉంది. మన వైపు వార్డులో తెలుగు, ఒడియా, సవర మూడూ కలిసి మూలుగుతాయి. పాతపట్నం అమ్మాయికి అప్పటికి ఒడియా సరిగా రాదు. ఒకావిడ పొట్ట పట్టుకుని "పేట పోడుచి" అంటే, ఈ అమ్మాయి పరుగెత్తుకుంటూ వెళ్ళి డ్యూటీ సిస్టరుతో "కడుపులో పొడుస్తోందట" అని చెప్పింది. ఒడియాలో పోడుచి అంటే మండుతోంది అని. పోట్లు పొడిచే నొప్పి వేరు, మంట వేరు; డాక్టరు ఆలోచించే దారి కూడా వేరు. అదృష్టం కొద్దీ సిస్టరు బరంపురం ఆవిడ, వెళ్ళి మళ్ళీ అడిగింది. ఆ రోజు నుంచి మేమిద్దరం ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకున్నాం. బింధుచి అంటే నొప్పి పెడుతోంది, పోడుచి అంటే మండుతోంది. సవర మాటలు రోగుల వెంట వచ్చినవాళ్ళను అడిగి రాసుకునేవాళ్ళం. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పని చేసిన గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు, వ్యాకరణం రాశారని బడిలో చదివినప్పుడు అది ఒక పాఠంగానే మిగిలింది. నొప్పి ఎక్కడో చెప్పలేక ఒక మనిషి మన ముఖం వైపే చూస్తున్నప్పుడు, ఆయన అంత శ్రమ ఎందుకు పడ్డారో అర్థమయింది. మూడేళ్ళ జీఎన్ఎంలో ఇది ఎవరూ నేర్పరు. పాఠాలు ఇంగ్లీషులో, రోగులు ఈ మూడింటిలో.

ఇప్పుడు చెప్పడానికి కష్టమైనది.

రాత్రి డ్యూటీలో టీపీఆర్ చార్టు, అంటే జ్వరం, నాడి, ఊపిరి రాసే కాగితం, నింపడం మా పనే. జ్వరం చూడటానికి థర్మామీటరు ఉంది. బీపీకి మిషను ఉంది. నాడి పట్టుకుని పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేసేవాళ్ళం. చివరి గడి ఊపిరి. చేరిన మొదటి వారంలో అది ఎలా చూడాలని అడిగితే అక్కడ ముందు నుంచీ ఉన్న ఒకావిడ "ఇరవై వేసేయ్" అంది. పై కాగితాలు తిరగేస్తే నిజంగానే అన్నీ ఇరవై. ఇరవై మంచాలకు ఇరవై ఇరవైలు. నేనూ వేశాను. పదకొండు నెలలు వేశాను. ఎవరూ అడగలేదు. డాక్టరు చూసే గడి అది కాదేమో అనుకున్నాను.

చలికాలంలో ఒక రాత్రి నిమోనియాతో ఒక తాత ఉన్నాడు. పలాస వైపు మనిషి, తెలుగు మాట్లాడేవాడు. పదింటికి వెళ్ళినప్పుడు "నిద్ర రావడం లేదమ్మా" అన్నాడు. దిండు ఎత్తుగా పెట్టాను. జ్వరం రాశాను, నాడి రాశాను, ఇరవై రాశాను. రెండింటికి మళ్ళీ వెళ్ళాను. ఆయన మంచం అంచున కూర్చుని రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించుకుని ఉన్నాడు. మాట్లాడలేదు, తల మాత్రం ఊపాడు. పడుకోవడం ఇష్టం లేదేమో అనుకున్నాను. ఇరవై రాశాను. ఐదింటికి డ్యూటీ సిస్టరు వచ్చి ఆయన ముక్కు పుటాలు ఎగసిపడటం, పెదవులు నీలంగా మారడం చూసి కేక పెట్టింది. ఆక్సిజన్ పెట్టి, అంబులెన్సులో మెడికల్ కాలేజీ ఆసుపత్రికి పంపారు. తరువాత ఆయనకు ఏమయిందో నాకు తెలియదు. అడగడానికి ధైర్యం చాలలేదు. ఆ చార్టు కూడా ఆయనతోనే వెళ్ళింది. అందులో నా చేతి రాతతో వరుసగా ఇరవై, ఇరవై.

జీఎన్ఎం మొదటి సంవత్సరంలో మా ట్యూటరు మేడమ్ ఊపిరి లెక్కపెట్టడం నేర్పిన రోజు నాకు బాగా గుర్తు. నాడి చూస్తున్నట్టే మణికట్టు పట్టుకుని ఉండాలి. లెక్కపెడుతున్నారని తెలిస్తే మనిషి ఊపిరి మారిపోతుంది. కళ్ళు మాత్రం ఛాతీ మీద. పైకి లేచి కిందికి దిగితే ఒకటి. నిండుగా ఒక్క నిమిషం. పెద్దవాళ్ళకు పన్నెండు నుంచి ఇరవై వరకు మామూలు. "ఒంట్లో ఏదైనా తేడా వస్తే చాలాసార్లు జ్వరం కంటే, బీపీ కంటే ముందు ఊపిరే చెబుతుంది" అన్నారు. నా ముందున్న రోగికి ముప్పై రెండు వచ్చింది. మళ్ళీ లెక్కపెట్టాను. ముప్పై రెండే. ఆ క్షణంలో మంచం అంచున మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని కూర్చున్న తాత కళ్ళ ముందు నిలిచాడు. ఊపిరి ఆడనివాడు అలాగే కూర్చుంటాడని అప్పుడే తెలిసింది. బాత్‌రూములోకి వెళ్ళి ఏడ్చాను. ఆ సాయంత్రమే సెకండ్ల ముల్లు ఉన్న గడియారం కొన్నాను. ఈ రోజుకీ అదే పెట్టుకుంటున్నాను, పట్టీ మాత్రం మూడుసార్లు మార్చాను.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. స్ట్రెచరు మీద తీసుకెళ్ళేటప్పుడు యూరిన్ బ్యాగు రోగి కాళ్ళ మధ్య పెట్టి తోసేవాళ్ళం, కింద వేలాడితే తగులుతుందని. అది ఎప్పుడూ మూత్రాశయం కంటే కింద ఉండాలని, లేకపోతే బ్యాగులోది తిరిగి లోపలికి పోయి ఇన్ఫెక్షన్ వస్తుందని స్కూల్లోనే తెలుసుకున్నాను. ముక్కు గొట్టంతో పాలు పోసేటప్పుడు తల వైపు ఎత్తి ఉంచాలి; ఆ సంగతి పెద్ద ఆయాకు తెలుసు, నాకూ నేర్పింది, కానీ ఎందుకో ఆమెకూ తెలియదు. వాళ్ళను తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. అసిస్టెంటు పనిలో చేతులు నేర్చుకుంటాయి, కారణాలు నేర్చుకునే చోటు అది కాదు. తప్పు అలవాటు కూడా మంచి అలవాటంత గట్టిగానే చేతికి అంటుకుంటుంది. మొదటి ఏడాది నా తోటివాళ్ళు నేర్చుకుంటుంటే నేను సగం రోజులు మరచిపోవడానికే కష్టపడ్డాను.

ఒక ఇంజెక్షను విషయం కూడా ఉంది. రద్దీగా ఉన్న రాత్రుల్లో "సెలైన్‌లో ఇది వేసేయ్" అని సిరంజి చేతికిచ్చేవాళ్ళు. మొదటిసారి గర్వంగా అనిపించింది. మందు ఏమిటో, ఎంతో, వేసిన తరువాత ఏమి చూడాలో ఏదీ తెలియదు. అది మా పని కాదు, చట్ట ప్రకారం మేము ముట్టుకోకూడదు. అది తెలిసిన తరువాత కూడా రెండుసార్లు వేశాను, కాదంటే పని పోతుందన్న భయంతో. మూడోసారి వద్దన్నాను. పని పోలేదు, కానీ నెల రోజులు వరుసగా రాత్రి డ్యూటీలు పడ్డాయి. మా చెల్లికి ఇది ముందే చెబుతున్నాను. ఇంజెక్షను చేతికిస్తే నేర్చుకునే అవకాశం వచ్చిందని సంబరపడవద్దు. వద్దని చెప్పి బయటికి రా. ఇంటికి వచ్చేసినా పరవాలేదు.

సూది గుచ్చుకోవడం వేరే సంగతి. 2016లోనే ఆసుపత్రి చెత్తకు కొత్త నియమాలు వచ్చాయి. రక్తపు దూదికి పసుపు సంచి, ప్లాస్టిక్ గొట్టాలకు ఎరుపు, గాజు సీసాలకు నీలం, సూదులకు గుచ్చుకుపోని తెల్ల డబ్బా. మా దగ్గర సంచులు వచ్చాయి, వాడకం రాలేదు. పసుపు సంచి మూతి కడుతుంటే లోపల ఎవరో వేసిన సూది నా వేలికి దిగింది. నాకు హెపటైటిస్ బి టీకా లేదు. అలాంటప్పుడు ఆ చోట సబ్బు నీళ్ళతో కడుక్కుని వెంటనే డాక్టరుకు చెప్పాలని, హెచ్ఐవి రాకుండా వాడే మందు 72 గంటలు దాటితే పనికిరాదని అప్పుడు తెలియదు. కడుక్కుని ఊరుకున్నాను. పరీక్షలు నా జీతంలోంచే చేయించుకున్నాను, అన్నీ సవ్యంగానే వచ్చాయి. ఆ ఎదురుచూపు రోజులు ఎలా గడిచాయో అమ్మకు ఇప్పటికీ చెప్పలేదు. పిన్ని ఇది చదువుతుంది కాబట్టి ఇంట్లో తెలుస్తుంది, తెలియనీ. టీకా మూడు డోసులు, మొదటిది వేసుకున్న నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. వార్డులో అడుగు పెట్టక ముందే మొదలు పెట్టాలి.

పాతపట్నం అమ్మాయి ఇప్పటికీ అక్కడే ఉంది. తనకు నాకంటే ఎక్కువ మార్కులు. తనకూ నర్సింగే కావాలి. మొదటి ఏడాది తమ్ముడి ఐటీఐ ఫీజు అడ్డం వచ్చింది, రెండో ఏడాది వాళ్ళమ్మ ఆపరేషను, ఆ తరువాత ఇంటి మీద రేకులు. నెల నెలా వచ్చే డబ్బుకు ఇల్లు అలవాటు పడింది. ఎవరూ తనను చదవవద్దనలేదు. ఎవరూ తారీఖు కూడా వేయలేదు. తన చేతి నైపుణ్యం నేను రోజూ తలుచుకుంటాను. ఎండిపోయిన ముసలి చేతిలో నరం ఎక్కడుందో చూడకుండానే వేలితో తడిమి చెబుతుంది. కొత్తగా వచ్చిన జీఎన్ఎం పిల్లలు నరం దొరకకపోతే తననే పిలుస్తారు. తను చూపిస్తుంది, వాళ్ళు సూది వేస్తారు, వాళ్ళు సంతకం పెడతారు. రిజిస్ట్రేషను నంబరు వాళ్ళకు ఉంది, తనకు లేదు. జీతం వాళ్ళలో సగం కూడా కాదు. కిందటి దసరాకు కలిసినప్పుడు "నువ్వు వెళ్ళిన ఏడాదే నేనూ వెళ్ళి ఉండాల్సింది" అంది. ఇంకా వయసు ఉంది, ముప్పై ఐదు వరకు అవకాశం ఉందని చెప్పాను. తల ఊపింది. నాకు కోపం వచ్చింది, తన మీద కాదు. అంత మంచి చేతులున్న మనిషిని పదేళ్ళు అక్కడే నిలబెట్టిన ప్రతి ఒక్కరి మీద.

నేను మే 31న వచ్చేశాను. ఏప్రిల్‌లో జీతం 6,500 చేస్తామన్నారు, మరో ఏడాది ఉండమన్నారు. నిజం చెబుతున్నాను, నా మనసు ఊగింది. ఆ వెయ్యి రూపాయలతో అమ్మకు ఏమేమి కొనవచ్చో లెక్కలు కూడా వేసుకున్నాను. నాన్న ఫోను చేసి "తారీఖు గుర్తుంది కదా" అన్నాడు, అంతే. ఆ ఏడాదే జీఎన్ఎంలో చేరాను. 2020లో మూడో సంవత్సరం ఇంటర్న్‌షిప్పులో ఉండగా కరోనా వచ్చింది. నర్సుల సంవత్సరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన ఏడాది కూడా అదే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒళ్ళంతా కప్పే రక్షణ తొడుగు లోపల చెమటతో నిలబడి, ఒక్కొక్క మంచం దగ్గర ఒక్కొక్క నిమిషం ఆగి ఊపిరి లెక్కపెట్టాను. ఒక్కటి కూడా చూడకుండా రాయలేదు.

అందుకే మా చెల్లికి నా మాట ఇది. డబ్బుకు ఇబ్బంది లేకపోయినా, సీటు చేతిలో ఉన్నా, చేరే లోపు రెండు మూడు నెలలైనా వార్డులో ఉండు. ఈ ఏడాది చేరే వీలు లేకపోతే ఒక్క ఏడాది చెయ్యి, అంతకు మించి ఒక్క నెల కూడా వద్దు. నర్సింగు స్కూలు ఉన్న ఆసుపత్రి దొరికితే అన్నిటికంటే మంచిది. రాయగడ జిల్లా బిస్సంకటక్‌లో 1954 నుంచి ఉన్న క్రిస్టియన్ ఆసుపత్రి లాంటి చోట్ల స్కూలు కూడా ఉంది. అలాంటి చోట ప్రతి మంచం దగ్గరా ఎవరో ఒకరు ఎవరికో ఒకరికి ఎందుకో చెబుతూ ఉంటారు, పక్కన నిలబడినా చెవిన పడుతుంది. అది దొరకకపోతే, చేరే ముందు ఒక రోజు వెళ్ళి వార్డులో చార్టులు చూడు. ఊపిరి గడిలో అన్నీ ఒకే అంకె ఉంటే అక్కడ చేరవద్దు. రాత్రి డ్యూటీలో రిజిస్టర్డ్ నర్సు ఎవరు ఉంటారో పేరు అడుగు. చెప్పలేకపోతే వచ్చెయ్. ఒక నోటు పుస్తకం పెట్టుకుని రోజుకు ఒక్క "ఎందుకు" రాసుకో. జవాబు దొరకనివి నాకు రాత్రి పంపు. నాకు తెలిసినవి చెబుతాను, తెలియనివి మా డాక్టరు గారిని అడుగుతాను.

బెడ్‌పాన్ గురించి పిన్నికి నేనే చెప్పాను, ఆదివారం కాశీనగరం వెళ్ళినప్పుడు. అమ్మమ్మ ఆఖరి మూడు నెలలు మంచాన ఉన్నప్పుడు ఆ గిన్నె ఎత్తింది నువ్వే కదా పిన్నీ, అన్నాను. పిన్ని చాలాసేపు మాట్లాడలేదు. "అది మా అమ్మ" అంది చివరికి. నేను ఇంకేమీ అనలేదు. లేచి వెళ్ళి కాఫీ పెట్టి తెచ్చింది. కాఫీ తాగుతుండగా, ఎంత దూరం, తోడు ఎవరుంటారు, రాత్రి డ్యూటీ అయితే పొద్దున గదికి ఎలా వస్తుంది అని ఒక్కొక్కటే అడిగింది. ఒప్పుకున్నానని మాత్రం అనలేదు.

నిన్న రాత్రి ఫోను చేసి, "ఏ తారీఖు వేయమంటావు?" అంది. మే 31 అని చెప్పాను. వచ్చే ఏడాది క్యాలెండరు ఇంకా రాలేదట. డిసెంబరు కాగితం వెనక రాశానని, పెన్సిలుతో కాదు పెన్నుతోనే రాశానని చెప్పింది.